ఒక్కతే అమ్మ, ఒక్కటే చార్మినార్

తెలుగు రాష్ట్రాల బడిపిల్లలందరికీ అమ్మ ఒక్కతేనన్న సత్యాన్ని జనాభా లెక్కల వారు ఇంతవరకూ గుర్తించకపోవడం విచారకరం. ఆమె తెల్లవారుజామునే లేచి, వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి ముగ్గు పెడుతుంది. ఇంటిల్లిపాదికీ రుచికరమైన వంటలు చేస్తుంది. ఎవరినీ పల్లెత్తు మాట అనదు. ఆమెకు జలుబు చేయదు, పుట్టింటి మీద బెంగ ఉండదు, కరెంటు బిల్లు చూసి మొగుడి మీద కసురుకోదు. శ్రీకాకుళంలోనూ ఆమే, ఆదిలాబాదులోనూ ఆమే. రెండు చోట్లా ఆమెను గురించిన చివరి వాక్యం 'అందుకే మా అమ్మ అంటే నాకు చాలా ఇష్టం' అనేదే.

నన్ను ఈ పరిశోధనకు పురికొల్పినవి గుంటూరులో మా అపార్టుమెంటు పిల్లల తెలుగు నోటుపుస్తకాలు. నచ్చిన వ్యక్తిని గురించీ, నచ్చిన ప్రదేశాన్ని గురించీ వర్ణిస్తూ రాయమని బడిలో అభ్యాసం ఇచ్చారట. ఇచ్చిన వెంటనే గైడు పుస్తకంలోని జవాబును బోర్డు మీద రాసి దించుకోమన్నారట. తమకు నచ్చినదేమిటో తెలుసుకునే శ్రమ పసివాళ్లకు కలగకూడదన్న కారుణ్యమే తప్ప ఇందులో మరో ఉద్దేశం ఉందని నేను అనుకోను. పాఠ్యపుస్తకంలో ఇటువంటి అభ్యాసాలు ఉండే శీర్షిక 'వ్యక్తీకరణ - సృజనాత్మకత'. బట్టీ పద్ధతి నుంచి చదువును తప్పించమని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం చెప్పినప్పుడు మనవాళ్లు వినయంగా తలూపారు, ఆ తర్వాత సృజనాత్మకతనే బట్టీ పట్టించారు.

ఇక నచ్చిన ప్రదేశం. కృష్ణానది వంతెన ఎన్నడూ దాటని పిల్లవాడికి కూడా నచ్చిన ప్రదేశం చార్మినారే. దానిని 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడన్నది మొదటి వాక్యం, అది నిజమే. రెండో వాక్యం నుంచి గైడు రచయిత చెయ్యి తిరుగుతుంది. ఆయన దగ్గర వర్ణన ఒక్కటే ఉన్నట్లుంది, అరకులోయకు రాసిపెట్టుకున్నది. దానినే ప్రదేశం పేరు మార్చి ఇక్కడా అతికించాడు. అందువల్ల చార్మినార్ పరిసరాలలో పచ్చని చెట్లు కనువిందు చేస్తాయి, సెలయేళ్లు గలగల పారుతాయి, పక్షుల కిలకిలారావాలు వీనులవిందు చేస్తాయి, చల్లని పిల్లగాలి మేనిని తాకి మైమరపిస్తుంది.

ఈ పిల్లలందరూ ఒక ఆదివారం నిజంగానే అక్కడికి బయలుదేరితే ఏమవుతుందోనని నాకు దిగులుగా ఉంది. లక్షలాది పిల్లలు, వెంట ఒకే పోలికతో చిరునవ్వు చెరగని లక్షలాది అమ్మలు, చేతుల్లో నోటుపుస్తకాలు. సెలయేరు ఎటు అని అడిగితే లాడ్ బజారులో లక్కగాజులు అమ్మే ఆసామి ఏమని చెబుతాడు? పిల్లగాలి కోసం నోరు తెరిచిన వాడికి ఆటో పొగ తగులుతుంది. మక్కా మసీదు ముందర గింజలు ఏరుకునే పావురాలు కిలకిలా అనవు, గుటగుటలాడతాయి. ఆ శబ్దం గైడులో లేదు కనుక దానిని విన్నవాడికి మార్కు పోతుంది. నిజానికి పక్షులే కావలసి వస్తే మా ఊరికి కూతవేటు దూరంలో ఉప్పలపాడు చెరువు ఉంది. అక్కడ గూడబాతులూ కొంగలూ వాలితే కొమ్మలు కనిపించవు, రెట్టల వాసన గట్టు మీదికే వచ్చి పలకరిస్తుంది. అయితే ఉప్పలపాడు పరీక్షకు రాదు.

మన ప్రబంధ కవులూ తక్కువ తినలేదని ఎవరైనా అనవచ్చు. అష్టాదశ వర్ణనల జాబితా దగ్గర పెట్టుకుని, ఏ నగరమైనా మేడలను చంద్రుడికి తగిలించినవారే. కానీ వారికి ఆస్థానంలో గిట్టుబాటు ఉండేది. ఏడో తరగతి పిల్లకు ఏముంది?

ఏడో తరగతి పిల్ల అని ఊరికే అనలేదు. మిర్చి యార్డుకు దగ్గరలోని ఒక బడిలో చదివే అమ్మాయి నోటుపుస్తకం చూశాను. బోర్డు మీది జవాబు దించుకోకుండా ఆ పిల్ల సొంతంగా ఇలా రాసింది: 'మా అమ్మ మిరపకాయలకు తొడిమలు తీసే పనికి పోతుంది. రాత్రి నా తల నిమరదు. చేతులు మండుతుంటాయి, నా కంట్లో పడుతుందని భయం.' ఈ మూడు వాక్యాల మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి, పక్కన 'అనవసరం' అని రాశారు. అయిదుకు ఒకటిన్నర మార్కులు.

ఏది అనవసరమండీ? ఆ మంటా, ఆ చేతులా, లేక వాటిని చూసిన పిల్ల కళ్లా? ఇన్నేళ్లుగా పిల్లలకు వర్ణన నేర్పుతున్నామని జీతాలు తీసుకుంటూ, ఒక పిల్ల నిజంగా వర్ణిస్తే గుర్తుపట్టలేకపోవడం సిగ్గుచేటు. ఆ ఎర్రగీత గీసిన చెయ్యి ఒక్కరోజు ఆ కాయల రాశి ముందు కూర్చుని తొడిమలు తీసి, సాయంత్రం కళ్లు నులుముకుని చూడాలి! బోర్డును దించుకున్న పిల్లలకు నాలుగున్నర ఇచ్చారు. వాళ్లలో ఒకడికి తల్లే లేదు, అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు. వాడి చేత కూడా చిరునవ్వు చెరగని అమ్మనే రాయించారు.

ఆ అమ్మాయి తెలివైనది. తర్వాతి పేజీలో తప్పులు దిద్ది మళ్లీ రాయమన్నప్పుడు 'మా అమ్మ చేతులు వెన్నలాగా మృదువుగా ఉంటాయి' అని రాసింది. దాని కింద ఎర్ర సిరాతో 'గుడ్' అని ఉంది.