తీగ మారిస్తే డొంకంతా కదిలింది

ఎవరో వాడి వదిలేసిన ఎలక్ట్రిక్ గిటారు ఒకటి నా చేతికి వచ్చి ఎనిమిది నెలలైంది. వచ్చిన రోజే దాని తీగలు మార్చాలని తేలిపోయింది. సన్నవి మూడూ తుప్పు పట్టాయి, ఉక్కు మీద మరో సన్న తీగ చుట్టి చేసే చుట్టుతీగలు మూడూ నల్లబడ్డాయి, ఏది మీటినా తడిగుడ్డ దులిపినట్టే ఉంది. భిన్నాభిప్రాయానికి తావు లేని ఇలాంటి విషయం ఎదురైనప్పుడు బాధ్యత తెలిసినవాడు చేయవలసింది ఒక్కటే. విచారణ సంఘం వేయాలి. వేశాను. అందులో సభ్యుణ్ణీ అధ్యక్షుణ్ణీ నేనే. నివేదిక గడువును మూడుసార్లు పొడిగించినదీ నేనే.

ఒక సెట్టు కొని తగిలించక ఎందుకింత హంగామా అన్నవారున్నారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందని దెప్పినవారూ ఉన్నారు. ఆ సామెత పట్ల నాకు మొదటినుంచీ ఒక అభ్యంతరం ఉంది. ఆమె ఆడలేదని అందరూ చూశారు, సరే. ఆ మద్దెలను దగ్గరికి వెళ్లి పరిశీలించినవారు ఎవరైనా ఉన్నారా? ఓడు కాదని ధ్రువీకరించినది ఎవరు? ఆ పొరపాటు నా విషయంలో జరగకూడదనే ముందుగా మైక్రోమీటరు తెప్పించాను. గిటారుకు మైక్రోమీటరు ఎందుకని అడిగేవారు ఈ వ్యాసాన్ని ఇక్కడితో వదిలేయవచ్చు.

పాత వాయిద్యం తన చరిత్రను నోటితో చెప్పదు. కొన్నప్పుడు నేనూ అడగలేదు, రంగు చూసి కొన్నాను. కొలిచి చూస్తే మొదటి తీగ, అంటే అన్నింటికన్నా సన్నది, 0.009 అంగుళం, మూడోది 0.017. వాడుకలో 9, 17 అంటారు. ఈ రెండూ ఒక సెట్టులో పుట్టినవి కావు. 9తో మొదలయ్యే మామూలు సెట్టులో మూడోది 16 ఉండాలి, 17 అనేది 10 సెట్టు బిడ్డ. అంటే మూడో తీగ ఎప్పుడో తెగింది, ఆ పెద్దమనిషి చేతికందినది బిగించి ఊరుకున్నాడు. అంతటితో ఆగలేదు. తీగల అడుగున వేలితో తడిమితే మెడ మీది లోహపు మెట్ల మీద నొక్కి నొక్కి పడిన గుంటలు తగిలాయి. అన్నీ మొదటి మూడు మెట్ల దగ్గరే. నాలుగో మెట్టు దాటాక ఒక్క గుంటా లేదు. 22 మెట్లున్న వాయిద్యం దగ్గర పెట్టుకుని మూడింటితో కాలం వెళ్లదీసిన ఆ అజ్ఞాత వ్యక్తి పట్ల సంఘం తన విచారాన్ని నమోదు చేసింది. ఈ విచారం సంగతి గుర్తుంచుకోవలసిందిగా మనవి.

ఇక అసలు సమస్య, గేజ్. తీగల లావును అంగుళంలో వెయ్యో వంతుల్లో లెక్కిస్తారు. సెట్టుకు మొదటి తీగే ఇంటిపేరు. 9 అంటే 9 నుంచి 42 దాకా, 10 అంటే 10 నుంచి 46 దాకా. ఈ రెండు ఇంటిపేర్ల మధ్య తేడా 0.0254 మిల్లీమీటర్లు, అంటే సుమారుగా సగం తలవెంట్రుక. ఆ సగం వెంట్రుక కోసం పెద్దపెద్దవాళ్లు మాటలు మానుకున్నారు.

నవ్వేముందు లెక్క వినండి. శృతి మారకుండా తీగ లావు పెంచితే దాని బిగువు లావు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. తీగ పొడవుకు, బిగువుకు, బరువుకు శృతితో ఉన్న లెక్కను మరెన్ మెర్సెన్ అనే ఫ్రెంచి పండితుడు 1636లోనే ప్రచురించాడు. ఆయన క్రైస్తవ సన్యాసి కాబట్టి వేలికొసల నొప్పి గురించి ఏమీ రాసి ఉండడు. ఆ లెక్క ప్రకారం 9 నుంచి 10కి వెళితే మొదటి తీగ బిగువు సుమారు 23 శాతం పెరుగుతుంది. మెడ కొసన తీగలు ఆనే నట్ నుంచి పొట్ట మీద అవి ఆనే బ్రిడ్జ్ దాకా 25.5 అంగుళాలుండే ఫెండర్ కంపెనీ తరహా గిటారు మీద 9 సెట్టు ఆరు తీగలూ కలిసి సుమారు 38 కిలోల బలంతో మెడను లాగుతాయి. 10 సెట్టు సుమారు 47 కిలోలతో లాగుతుంది. మరో కంపెనీ గిబ్సన్ తరహాలో 24.75 అంగుళాలే కాబట్టి అదే సెట్టు దాదాపు 6 శాతం మెత్తగా ఉంటుంది. అంటే తీగ ఎంపికకు ముందు కొలబద్ద, ఆ తర్వాత లెక్కల పుస్తకం కావాలి. వాయించడం ఎక్కడో చివర ఉంది.

పూర్వ తీర్పులేమైనా దారి చూపుతాయేమోనని వెతికాను. అమెరికన్ బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ 13తో మొదలయ్యే తీగలు వాడాడు. మొదటి తీగే అంత లావుంటే చివరిది గేటుకు కట్టుకోవచ్చు. వేళ్ల చర్మం లేచిపోతే జిగురుతో అంటించుకుని మరీ వాయించాడని చెబుతారు. లావు తీగల వర్గం ఆయన పటాన్ని నెత్తిన పెట్టుకుని తిరుగుతుంది. అయితే ఆయన శృతిని అర స్వరం దించి వాయించేవాడన్న సంగతిని మాత్రం ఊరేగింపులో వెనక్కి నెట్టేస్తుంది. అటువైపు జీజీ టాప్ బృందం గిటారిస్టు బిల్లీ గిబ్బన్స్ ఉన్నాడు. లావు తీగలతో ఎందుకంత కష్టపడతావని బ్లూస్ దిగ్గజం బి.బి. కింగ్ అడిగాకే తాను సన్న తీగలకు మారానని ఆయనే చెప్పుకున్నాడు. మారి మారి 7 దగ్గర ఆగాడు. అయినా ఆ గడ్డం మనిషి గిటారు ధ్వని గోడంత మందంగానే వినిపిస్తుంది. ఇది లావు తీగల సిద్ధాంతానికి తీవ్ర విఘాతం కాబట్టి దీన్ని రికార్డుల నుంచి తొలగించాలని ఒక వర్గం కోరింది. ఇక టోనీ అయోమీ సంగతి వేరు. 1965లో ఫ్యాక్టరీ యంత్రం కింద రెండు వేళ్ల కొసలు పోగొట్టుకుని, కరిగించిన ప్లాస్టిక్‌తో తొడుగులు చేసుకుని, నొప్పి తగ్గుతుందని బాంజో తీగలు బిగించాడు. ఆ తర్వాత ఆయన రాక్ బృందం బ్లాక్ శాబత్ మోత ఎలా ఉందో లోకానికి తెలుసు. ఆయనకు సంఘం వేసే తీరిక లేకపోయింది పాపం.

అన్నట్టు అంతకు కొన్నేళ్ల ముందుదాకా సన్న తీగల సెట్టు అడిగితే దొరకడమే కష్టం. మూడో తీగ కూడా చుట్టుతీగే ఉండేది, దాన్ని వేలితో పక్కకు లాగడం చెట్టును వంచినట్టుండేది. తెలివైనవాళ్లు బాంజో తీగను మొదటి స్థానంలో పెట్టి, మిగతావాటిని ఒక్కో స్థానం కిందికి జరిపి, ఆరోదాన్ని పారేసేవారు. 1962లో ఎర్నీ బాల్ అనే అమెరికన్ వ్యాపారి సన్న సెట్లను అమ్మకానికి తెచ్చి ఈ కుటీర పరిశ్రమను మూయించాడు. ఎంపిక లేని రోజుల్లో వాళ్లు వాయించారు. ఎంపిక వచ్చాక మేము పరిశోధిస్తున్నాం.

లోహం సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అందులో నా పరువు ఉంది. చుట్టు మీద నికెల్ పూత పూసిన ఉక్కు, స్వచ్ఛమైన నికెల్, స్టెయిన్‌లెస్ ఉక్కు అని మూడు ప్రధాన జాతులు. నికెల్ కాస్త మెత్తగా పలుకుతుంది, స్టెయిన్‌లెస్ పదునుగా పలుకుతుంది. ఈ మూడింటినీ తూచి చూడకముందే, మొదటి వారంలో, బంగారు రంగుకు మురిసి కంచు సెట్టు ఒకటి కొని తగిలించాను. అది మామూలు చెక్క గిటారుకు వాడేదట. ఎలక్ట్రిక్ గిటారు పికప్ అంటే అయస్కాంతం చుట్టూ చుట్టిన రాగి తీగ. దాని ముందు ఉక్కు కదలాలి, కంచును అది పట్టించుకోదు. చుట్టు లేని ఒకటి, రెండు తీగలు అరిచాయి. మిగతా నాలుగూ లోపలున్న ఉక్కు పుణ్యమా అని గొణిగాయి. కంచు మోగుతుందని చిన్నప్పుడు పద్యంలో చదువుకున్నాం. అయస్కాంతం ఆ పద్యం చదవలేదు. కంచు విప్పి పాత తుప్పునే మళ్లీ బిగించాను.

చివరికి 10-46, నికెల్ పూత రకాన్ని సంఘం ఖరారు చేసింది. సన్న వర్గాన్నీ లావు వర్గాన్నీ సమానంగా నొప్పించే సెట్టు అదొక్కటే. అసలు కథ ఇక్కడే మొదలైంది.

తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు. ఆ మాట పుట్టించినవాడి దగ్గర తప్పకుండా కదిలే బ్రిడ్జ్ ఉన్న గిటారు ఉండి ఉంటుంది. ఆరు తీగలూ ఒకేసారి విప్పేశాను. వెనకవైపు స్ప్రింగులకు ఎదురు లేకపోయేసరికి బ్రిడ్జ్ గుంటలోకి కుంగింది. ఒక్కొక్కటే మార్చాలని ఆ తర్వాత తెలిసింది. కొత్త తీగలు బిగిస్తుంటే అదే బ్రిడ్జ్ ఇటు పైకి లేచింది. తొమ్మిది కిలోలు అదనంగా లాగుతున్నాయి మరి. మొదటి తీగ శృతికి రాగానే ఆరోది జారింది. ఆరోదాన్ని సవరిస్తే మిగతా ఐదూ అలిగాయి. వెనక మూత తీసి స్ప్రింగుల మరలు బిగించాను. ఈలోగా మెడ ముందుకు వంగింది. తీగలు మెట్ల మీద ఎత్తుగా నిలబడి నన్ను చూశాయి. మెడలోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఉంటుంది, దాన్ని పావు చుట్టు తిప్పి, కాసేపు ఊపిరి బిగబట్టి, మళ్లీ చూశాను. నట్‌లో గాళ్లు సన్న తీగలకు తగ్గట్టు కోసినవి. కొత్త తీగలు అందులో ఇరుక్కుని, మర తిప్పినప్పుడల్లా టింగుమని ఎగిరి శృతి దాటిపోయాయి. ఒక్క మూడో తీగ మాత్రం హాయిగా జారింది. దాని 17 ఎప్పటినుంచో అక్కడే ఉంది కదా. ఆ పెద్దమనిషి చేసిన ఒక్క తప్పు ఆ సాయంత్రం నాకు దొరికిన ఒక్క ఊరట.

గాళ్లలో పెన్సిలు పొడి రాశాను. పన్నెండో మెట్టు దగ్గర నొక్కిన స్వరమూ నొక్కకుండా తాకితే వచ్చే స్వరమూ ఒకటయ్యేదాకా బ్రిడ్జ్ మీద ఒక్కో తీగ ఆనే శాడిళ్లు ఆరింటినీ వెనక్కి జరిపాను. ఇందుకు రెండు ఆదివారాలు పట్టాయి. ఆరు తీగలూ కలిపి ఒక్కసారి మీటితే ఇల్లంతా గంట కొట్టినట్టు మోగింది. నివేదికను నేనే సమర్పించి నేనే స్వీకరించాను. గిటారును దాని స్టాండు మీద నిలబెట్టి, చేసిన శ్రమకు కొన్నాళ్లు విశ్రాంతి తీసుకున్నాను.

పోయిన వారం తనిఖీ చేశాను. సన్న తీగలు మూడింటి మీద అక్కడక్కడ గోధుమరంగు చుక్కలు లేచాయి. అలవాటు కొద్దీ అడుగున వేలితో తడిమాను. గుంటలు లేవు. మొదటి మెట్టు దగ్గర కూడా లేవు. లోపం పూతలోనే ఉందని సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. పైన సన్నని పాలిమర్ పొర ఉన్న తీగలు 1990ల నుంచే ఉన్నాయట, ముందే ఎవరూ చెప్పలేదు. వాటిపై విచారణ మొదలైంది. మైక్రోమీటరు తుడిచి బల్ల మీద పెట్టాను.