బండి తాళం నా చేతికి ఇవ్వలేదు

నిన్న సాయంత్రం నుంచి అన్నం సయించడం లేదు. ఇది రాస్తే గాని నిద్ర పట్టేలా లేదు.

మా ఒడిశా జయపురంలోనే సెకండ్ హ్యాండ్ బళ్ళు అమ్మే ఒక షాపుకి వెళ్ళాను. మూడేళ్ళుగా దాచుకున్న డబ్బు. నా మొదటి క్రూజర్, అంటే సీటు కిందికి ఉండే దూరప్రయాణాల బండి. ఎర్ర రంగు రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియోర్ 350, సింగిల్ ఓనర్, అద్దంలా ఉంది. ఒక రౌండ్ నడిపి చూస్తానన్నాను. అక్కడి కుర్రాడు నన్ను తల నుంచి కాలి దాకా చూశాడు. తాళం వేలికి తిప్పుకుంటూనే, "ఆజ్ఞా (ఒడియాలో 'అండీ' అన్నట్టు), మీ హైట్‌కి ఇది కష్టం. పడేస్తే మా మీదికి వస్తుంది" అన్నాడు. అని ఊరుకున్నా బాగుండేది. నన్ను పక్కనున్న యాక్టివా దగ్గరికి తీసుకెళ్ళి, "ఇదైతే మీకు సరిపోతుంది, మేడమ్ కూడా నడుపుకోవచ్చు" అన్నాడు. చుట్టూ నలుగురున్నారు. ఒకాయన నవ్వాడు.

నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. ఇందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు. కానీ మీటియోర్ సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లు. యాక్టివా సీటు కూడా దాదాపు అంతే! కాలు అందదని ఒక బండి కాదన్నవాడు, అదే ఎత్తున్న ఇంకో బండి ఎలా చూపిస్తాడు? బరువు తేడా ఉంది, ఒప్పుకుంటాను. మీటియోర్ 191 కిలోలు, స్కూటర్ 110 కూడా ఉండదు. "సార్, బరువు ఎక్కువ, జాగ్రత్త" అని ఉంటే బుద్ధిగా వినేవాడిని. బరువు మాట అతని నోటి నుంచి రాలేదు. హైట్ అన్నాడు, అంతే.

నేను టైలర్‌ని. మా నాన్న పెట్టిన షాపు, ఇరవై ఏళ్ళుగా నా చేతిలో టేపు ఉంది. మనిషి ఎత్తు చూసి కాలి పొడవు చెప్పేయొచ్చని ఎవరైనా అంటే నా దగ్గర కొలతల పుస్తకాలున్నాయి, వచ్చి చూడండి. ఒకే ఎత్తు ఉన్న ఇద్దరు మనుషులకి ప్యాంటు ఇన్‌సైడ్, అంటే కాళ్ళ మధ్య నుంచి కింది దాకా ఉండే లోపలి కొలత, రెండంగుళాలు తేడా రావడం నాకు రోజూ మామూలే. ఆ కుర్రాడి సంగతే చెబుతాను. పోయిన దసరాకి అతని ప్యాంటు కుట్టింది నేనే. నాకన్నా అర అడుగు పొడుగు. ఇన్‌సైడ్ మాత్రం నాకన్నా ఒక్క అంగుళమే ఎక్కువ! మిగతా పొడుగంతా నడుము పైన ఉంది. మరి నడుము పైనున్న పొడుగు సిగ్నల్ దగ్గర నేల మీద ఆనుతుందా? ఆ ఒక్క అంగుళం కోసం అతను రోజంతా ఆ బళ్ళన్నీ తిప్పుతాడు, నాకు తాళం కూడా ఇవ్వడు.

పొట్టివాళ్ళం బండి కొనేటప్పుడు చూసుకోవాల్సింది ఎత్తు కాదు, ఆ లోపలి కొలత. చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిలబడి, కాళ్ళ మధ్య అట్ట పుస్తకం పైకి ఆనించి, అక్కడి నుంచి నేల దాకా కొలవాలి. నాది 28 అంగుళాలు. 765 అంటే నా టేపులో 30 అంగుళాల ఒక నూలు (నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు). రెండంగుళాలు తక్కువ కదా అంటారు. బూటు అడుగు ఒక అంగుళం ఇస్తుంది. కంపెనీ చెప్పే ఎత్తు ఖాళీ బండిది, మనిషి కూర్చుంటే షాకులు (షాక్ అబ్జార్బర్లు) దిగి ఇంకాస్త తగ్గుతుంది. ఇటుపక్క సీటు వెడల్పు కాళ్ళని విడదీసి, వచ్చినదాంట్లో కొంత తినేస్తుంది. అందుకే కాగితం మీద చూసి ఎవరూ చెప్పలేరు, కూర్చుని చూడాల్సిందే. నిన్న తాళం లేకుండానే స్టాండు మీద నుంచి లేపి కూర్చున్నాను. తుంటి కొంచెం జరిపితే ఎడమ పాదం పూర్తిగా ఆనింది. కుడికాలి ముందు భాగం ఆనింది. ఘాట్ రోడ్డు మనిషికి అంతకన్నా ఏం కావాలి?

కోరాపుట్ ఎక్కేటప్పుడు గానీ, సాలూరు వైపు సుంకి ఘాట్ దిగేటప్పుడు గానీ, మలుపులో లారీ అడ్డం వస్తే రెండు కాళ్ళూ కింద పెట్టేవాడు ఎవడు? కుడికాలు బ్రేకు మీద ఉండాలి, ఎడమకాలు నేల మీద ఉండాలి. పొడుగువాడైనా అంతే. రోడ్డు అంచు కిందికి వాలి ఉన్న చోట ఆపితే ఆరడుగులవాడి కాలు కూడా గాల్లోనే ఉంటుంది. ఎక్కడ ఆపాలో ముందే చూసుకోవడం, ముందు చక్రం పల్లానికి పెట్టి పార్క్ చేయకపోవడం, ఇవి నేర్చుకునే విషయాలు. 191 కిలోల్ని వెనక్కి తోయాలంటే దిగి తోస్తాను. నాకేం సిగ్గు?

మా బావ ఒకడు ఫోన్ చేసి, "ఎందుకురా గొడవ, బండి కొనేసి షాకులు మార్పించి కిందికి దించేసుకో" అన్నాడు. బావా, నీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. బండి దించితే కిందున్న 170 మిల్లీమీటర్ల ఖాళీ తగ్గిపోతుంది, మన స్పీడు బ్రేకర్లకి కడుపు గీసుకుంటుంది. సైడ్ స్టాండు పొడవు అలాగే ఉండిపోతుంది కాబట్టి బండి వాలకుండా నిటారుగా నిలబడి అవతలి వైపుకి పడిపోవచ్చు. సీటు స్పాంజి ఒక అంగుళం కోయించడం నయం, అదైనా కూర్చుని చూశాకే.

ఇంకొందరు సీటు ఎత్తు తక్కువున్న బళ్ళ లిస్టులు పంపుతున్నారు. బజాజ్ అవెంజర్ సీటు 737, సరిగ్గా 29 అంగుళాలు, బరువు 163. మంచి బండే. కానీ క్రూజ్ మోడల్‌లో కాళ్ళు ముందుకి చాపాలి, నా నడుము వంగిపోతుంది. హ్యాండిల్ పూర్తిగా తిప్పితే అవతలి చెయ్యి అందడం లేదు. నేల అందితే చాలదు, చేతులూ అందాలి, ఆ మాట ఎవరూ చెప్పరు. జావా బాబర్ 740, దాని మీద మా ఆవిడ ఎక్కడ కూర్చుంటుంది? సూపర్ మీటియోర్ 650 కూడా 740, బరువు 241 కిలోలు. పాతిక మిల్లీమీటర్ల కోసం యాభై కిలోలు ఎత్తుకోమంటారు.

అసలు కోపం నిన్నటిది కాదేమో. స్కూల్లో ఎన్‌సీసీ పెరేడ్‌లో "లంబా దాహినే, ఛోటా బాయే" (పొడుగువాళ్ళు కుడికి, పొట్టివాళ్ళు ఎడమకి) అనగానే చెప్పకముందే నేను ఎడమ చివరికి నడిచి వెళ్ళి నిలబడేవాడిని. ఎప్పుడైనా కొంచెం తెలివిగా మాట్లాడితే "పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు" అనేవాళ్ళు. ఆ సామెత మెచ్చుకోలు అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, అది మెచ్చుకోలు కాదు. అదే వయసులో నాన్న పెద్ద సైకిల్‌ని బార్ కింద నుంచి కాలు దూర్చి ఊరంతా తొక్కాను. అప్పుడు నేల అందిందా?

నా షాపుకి రెడీమేడ్ ప్యాంట్లు పట్టుకుని పొట్టివాళ్ళు వస్తారు. మాటలు మెల్లగా వస్తాయి. "బాబూ, కింద నాలుగంగుళాలు కొయ్యాలి" అని, పక్కన ఎవరైనా ఉంటే ఆగిపోతారు. ఉద్యోగస్తులు, లెక్చరర్లు, పిల్లల తండ్రులు. కంపెనీవాడు ఎవరి కాళ్ళకో కుట్టిన గుడ్డకి వీళ్ళు సిగ్గుపడతారు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, నాకు కడుపు మండిపోతుంది. నేను ఒక్కరికి కూడా "మీ హైట్‌కి ఇది కష్టం" అనలేదు. టేపు తీసి కొలుస్తాను. కుట్టాక ట్రయల్ వేసుకోమంటాను. ట్రయల్ వేసుకోకుండా నా షాపు నుంచి ఎవరూ సూటు పట్టుకెళ్ళరు.

ఆదివారం సాలూరు వెళ్తున్నాను, అక్కడ ఇంకో మీటియోర్ ఉందట. ఫోన్‌లో అడిగాను, నడిపి చూసుకోమన్నారు. ఈలోపు ఆ కుర్రాడి పెళ్ళి సూటు గుడ్డ నా బల్ల మీదే ఉంది. శుక్రవారం ట్రయల్‌కి రావాలి. వస్తాడు. నేను ఎప్పటిలాగే మోకాలి మీద కూర్చుని అతని ఇన్‌సైడ్ కొలుస్తాను, ఆ అంకె బయటికి చదువుతాను, తర్వాత టేపు అతని చేతికిచ్చి నాది కొలవమంటాను.