ధైర్యం సరే, అడగాల్సినవి కూడా రాయండి

ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలాక ధైర్యంగా ఉండాలి, ఇంట్లోవాళ్లు అండగా నిలవాలి అని మీ వ్యాసంలో బాగానే రాశారు గానీ, ఆ మొదటి వారంలో ఎవరిని ఏం అడగాలో ఒక్క ముక్క లేదు. మా పెద్దనాన్నకి వచ్చినప్పుడు చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న, సిగరెట్లు బాగా కాల్చేవాడా అని. ఆయన జన్మలో బీడీ కూడా ముట్టలేదు. పొగ తాగనివాళ్లకీ వస్తుందండీ, ముందు ఆ ఆరాలు మానేస్తే అదే పెద్ద సాయం.

డాక్టర్ని ఏ రకం, ఏ స్టేజి అని అడగడంతో ఆగకుండా ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే లాంటి జన్యు పరీక్షలు చేయించారా అని కూడా అడగండి, ఎందుకంటే ఆ జన్యువుల్లో మార్పు కనిపిస్తే కొందరికి కీమో బదులు మాత్రలతోనే చికిత్స మొదలుపెడతారు. మాకు బయాప్సీ రిపోర్టు చేతిలో పెట్టి పంపేశారు, బ్లాక్ ఇవ్వలేదు. అంటే చిన్న ప్లాస్టిక్ పెట్టెలో మైనం ముద్ద, దాంట్లోనే శరీరం నుంచి తీసిన ముక్క ఉంటుంది, ఇంకోచోట పరీక్షకి అదే కావాలి. గట్టిగా అడిగాక సంతకం పెట్టించుకుని ఇచ్చారు. స్కాన్ సీడీ కూడా వదలకండి.

సెకండ్ ఒపీనియన్ కోసం ముంబై పరిగెత్తాల్సిన పనిలేదు, అక్కడి టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రితో కలిసి పనిచేసే నవ్య అనే సంస్థకి రిపోర్టులు ఆన్‌లైన్‌లో పంపొచ్చు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రే, ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే వెంట తీసుకెళ్లండి. పాలియేటివ్ కేర్ అనగానే ఇక ఆశ లేదనుకుని టెన్షన్ పడొద్దు, ఆయాసం, నొప్పి తగ్గించడానికి చికిత్సతో పాటే అదీ నడుస్తుంది. వాట్సాప్‌లో వచ్చే ఆకు పసర్లు మాత్రం డాక్టర్‌కి చెప్పకుండా తాగించకండి.