రిజాల్వ్ డాట్ కాన్ఫ్ గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ రిజాల్వ్ డాట్ కాన్ఫ్ గారికి,
ఈటీసీ డైరెక్టరీ, రూట్ వారి ఇలాకా.

విషయం: రాసిన నేమ్‌సర్వర్ లైను మళ్లీ గల్లంతైన సంగతి.

ఆర్యా,

లైనక్స్ కంప్యూటర్లో సైట్ల పేర్లకి అంకెల చిరునామాలు చెప్పేది నేమ్‌సర్వర్, దాని నంబరు రాసి ఉంచే ఫైలు తమరు. తమరు కుశలమే అనుకుంటాను. కుశలం కాకేం, పోయింది తమరి సొమ్మా? మధ్యాహ్నం రెండింటికి మొదలైన వ్యవహారం సాయంత్రం ఆరున్నరకి తేలింది. నెట్ పోయిందనుకున్నాం. పోలేదు. అవతలి కంప్యూటర్ పలుకుతుందో లేదో చూసే పింగ్ కమాండుతో పింగ్ 8.8.8.8 అంటే ప్యాకెట్ వెళ్లినట్టే వెళ్లి తిరిగొస్తోంది, ఒక్కటీ జారిపోవడం లేదు. అదే పింగ్‌కి అంకెల బదులు పేరు చెబితే మాత్రం 'టెంపరరీ ఫెయిల్యూర్ ఇన్ నేమ్ రిజల్యూషన్' అంటోంది. టెంపరరీ అట! అద్దె కొంపలో తాత్కాలికంగా తెరిచిన సర్కారు ఆఫీసు ఎంత టెంపరరీయో ఇదీ అంతే.

కనెక్షన్ ఇచ్చినవాళ్లకి ఫోన్ చేస్తే ఏమవుతుందో తమరికి తెలియంది కాదు. రౌటర్ స్విచ్ తీసి రెండు నిమిషాలాగి వెయ్యమంటారు. వేశాక 'ఏ విండోస్ సార్?' అంటారు. లైనక్స్ అన్న మాట చెవిన పడగానే 'అయితే మీ సిస్టమ్ ప్రాబ్లం' అని పెట్టేస్తారు. అందులో సగం నిజం లేకపోలేదు. కనెక్ట్ అవగానే సెట్టింగులు పంచిపెట్టే డీహెచ్‌సీపీ ద్వారా వాళ్లు చేతిలో పెట్టిన నేమ్‌సర్వర్ పలకడం మానేసింది. అది వాళ్ల వాటా. నేమ్‌సర్వర్ని ప్రశ్నించే డిగ్ కమాండ్‌కి ఎట్ గుర్తు తగిలించి నేరుగా 1.1.1.1ని అడిగితే జవాబు టక్కున వస్తోంది కాబట్టి లైను శుభ్రంగానే ఉంది. సరే, పలకని సర్వర్ బదులు పలికేదాని నంబరు తమరిలో రాసుకుందామంటే, రాసిన ప్రతిసారీ చెరిగిపోయింది. అది తమరి వాటా. ఈ అర్జీ తమరి వాటా వరకే.

రూట్ అధికారంతో, సుడో నానో అని ఎడిటర్లో తమరిని తెరిచి, 'నేమ్‌సర్వర్ 1.1.1.1' అని ఒక్క లైను రాసి సేవ్ చేస్తే ఆ క్షణం నుంచీ సైట్లన్నీ తెరుచుకుంటాయి. అదే తమరు పన్నే వల. పని అయిపోయిందనుకుని ల్యాప్‌టాప్ మూత వేసి, టీ తాగొచ్చి మూత తీస్తే లైను లేదు. వైఫై ఒక్కసారి తెగి అతుక్కుంటే లేదు. రీబూట్ సంగతి చెప్పనే అక్కర్లేదు. చెరిపేముందు అడిగిందీ లేదు, చెరిపాక చెప్పిందీ లేదు.

నుదుటి మీద రాసే ఉంది కదా, చదువుకోలేదా అంటారు. చదివాం. ఈ ఫైలుని సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డీ చూసుకుంటోంది, ఎడిట్ చెయ్యొద్దు అని ఉంది. తెర వెనక పేర్లు వెతికిపెట్టే ప్రోగ్రామట అది. ఆర్యా, ఈటీసీ అన్న చోటు ఉన్నదే మనిషి చేత్తో రాసుకునే సెట్టింగుల కోసం. అందులో కూర్చుని 'రాయొద్దు' అని బోర్డు కట్టుకోవడం, పోస్టు డబ్బా మీద 'ఉత్తరాలు వేయరాదు' అని రాసినట్టుంది.

ఫైళ్ల వివరాలు చూపే ఎల్ఎస్ హైఫన్ ఎల్ కొడితే గానీ అసలు బండారం బయటపడదు. తమరి పేరు పక్కన ఒక బాణం గుర్తు. ఆ బాణం పట్టుకుని వెళితే రన్ డైరెక్టరీ, అందులో సిస్టమ్‌డీ, అందులో రిజాల్వ్, ఆ లోపలెక్కడో స్టబ్-రిజాల్వ్ డాట్ కాన్ఫ్. అంటే తమరు ఫైలు కూడా కాదు, ఫైలుకి దారి చూపే చెక్క పలక, సిమ్‌లింక్ అంటారు. పైగా రన్ డైరెక్టరీ డిస్కు మీద ఉండదు, ర్యామ్‌లో ఉంటుంది. మెషీన్ ఆగితే దాంతోపాటే పోతుంది. ఇన్నాళ్లూ శిలాశాసనం చెక్కుతున్నామనుకున్న వాళ్లంతా నీటి మీద రాశారన్నమాట. పోనీ అక్కడైనా ఏముంది? నేమ్‌సర్వర్ 127.0.0.53. నూట ఇరవయ్యేడుతో మొదలైందంటే అది మన కంప్యూటరే. 'నేమ్‌సర్వర్ ఎక్కడుందండీ?' అని అడిగితే 'మీ ఇంట్లోనే' అని చెప్పి తలుపేసుకునే పెద్దమనిషి తమరు. నిజమైన సర్వర్ నంబర్లు ఎక్కడున్నాయో తెలియాలంటే రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్ అని విడిగా అడగాలి. ఏ లింకుకి (వైఫై, కేబుల్ వగైరా) ఏ డీఎన్ఎస్ సర్వర్, అంటే నేమ్‌సర్వర్, అంటగట్టారో అది చెబుతుంది. అసలు రికార్డు అక్కడుంది, తమరు దాని నకలు. అడంగల్ నకలు మీద పెన్నుతో పేరు దిద్దితే పొలం మన పేరుకి మారుతుందా?

ఆ మాట ముందే చెప్పి ఉంటే బాగుండేది.

ఇక సిమ్‌లింక్‌తోనే కదా గొడవ, దాన్ని పీకేసి మామూలు ఫైలు పెడదామనే బుద్ధిమంతులు ఉన్నారు. అక్కడ ఇంకో చిత్రం. మీరు సిమ్‌లింకుగా ఉన్నంతసేపూ కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్ మీ జోలికి రాడు, తన డీఎన్ఎస్ లెక్కలు రిజాల్వ్‌డీకి అప్పజెప్పి ఊరుకుంటాడు. మామూలు ఫైలుగా మారిన మరుక్షణం పోరంబోకు స్థలం దొరికిందని వచ్చి పాక వేస్తాడు. వేసి, మొదటి లైనులో 'జెనరేటెడ్ బై నెట్‌వర్క్‌మేనేజర్' అని సంతకం కూడా పెడతాడు. కబ్జాదారు బోర్డు పెట్టుకున్నంత ధైర్యం! రిజాల్వ్‌డీ లేని మెషీన్‌లో డీహెచ్‌సీపీ సెట్టింగులు అందుకునే డీహెచ్‌క్లయింట్ రాస్తుంది. ఆఫీసు నెట్‌వర్క్‌లోకి దారి వేసే వీపీఎన్ కలిపితే దాని స్క్రిప్టు రాస్తుంది, విప్పేటప్పుడు తన ఆఫీసు సర్వర్ నంబరు తుడవకుండా పోయిందంటే ఆ రాత్రంతా ఇంటి నెట్ ఆఫీసు గేటు దగ్గర కాపలా కాస్తుంది. విండోస్ లోపల లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ అయితే లేచిన ప్రతిసారీ మిమ్మల్ని కొత్తగా పుట్టిస్తుంది. దాన్ని ఆపాలంటే డబ్ల్యూఎస్ఎల్ డాట్ కాన్ఫ్‌లో నెట్‌వర్క్ విభాగం కింద జెనరేట్‌రిజాల్వ్‌కాన్ఫ్‌ని ఫాల్స్ చెయ్యాలి. ఇందరిలో ఎవరు తుడిచారని విడివిడిగా అడిగి చూడండి. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం.

కాపాడుకోవడానికి ఫైలుని మార్చకుండా బిగించే చాటర్ ప్లస్ ఐ అనే తాళం ఉందని ఊరంతా చెబుతుంది. సిమ్‌లింక్ మీద ఆ తాళం పడదు, 'ఆపరేషన్ నాట్ సపోర్టెడ్' అంటుంది. పీకేసి మామూలు ఫైలు పెట్టి వేస్తే పడుతుంది, తాళం తీస్తే తప్ప రూట్ వచ్చినా చెరపలేడు. అప్పుడు గెలిచామనుకుంటాం. రెండు నెలల తర్వాత ఏ రైల్వే స్టేషన్ వైఫైలోనో లాగిన్ పేజీ రాదు, ఆఫీసు వీపీఎన్‌లో లోపలి సర్వర్ల పేర్లు దొరకవు. తాళం వేసిన సంగతి అప్పటికి ఎవరికీ గుర్తుండదు. దొంగకి భయపడి తలుపుకి మేకులు కొట్టుకున్న ఇల్లు అది.

మీ పేర్ల సంగతి ఒక్క ముక్క. మీరు రిజాల్వ్, చివర ఇంగ్లీషు 'ఈ' అక్షరం ఉండదు. డెమన్, అంటే తెర వెనక నడిచే ఆ రిజాల్వ్‌డీ, అసలు పేరు రిజాల్వ్‌డ్, దానికి 'ఈ' ఉంది. ఆయన సెట్టింగుల ఫైలు రిజాల్వ్‌డ్ డాట్ కాన్ఫ్, కమాండు రిజాల్వ్‌సీటీఎల్. మీ పేరే పెట్టుకుని మధ్యలో చుక్క లేకుండా రిజాల్వ్‌కాన్ఫ్ అని ఒక ప్యాకేజీ. ఒక ఇంట్లో అయిదుగురు సుబ్బారావులున్నట్టు. అలవాటు కొద్దీ 'ఈ' చేర్చి టైప్ చేస్తే నానో కిమ్మనకుండా కొత్త ఫైలు తెరుస్తుంది. అందులో ఎంత చక్కగా రాసినా చదివేవాడు ఉండడు.

పైగా మీకు ముగ్గురికి మించి నేమ్‌సర్వర్లు పట్టరు. నాలుగో లైను రాస్తే తప్పని చెప్పరు, చదవరు, అంతే. ఆ ముగ్గురూ వంతులవారీగా పని పంచుకుంటారని చాలామంది భ్రమ. లైనక్స్ ప్రోగ్రాములు వాడే జీలిబ్‌సీ లైబ్రరీ వాళ్లింటి పద్ధతిలో మొదటివాడు పలక్కపోతేనే రెండోవాడి గుమ్మం తొక్కేది. మొదటివాడు 'అలాంటి పేరే లేదు' అన్నాడా, అదే తీర్పు, అప్పీలు లేదు. పలకని సర్వర్ కోసం ఎదురుచూపు 5 సెకన్లు. ఆ అనుభవం గుర్తుంటుందా అంటే ఉండదు. తర్వాతి పేరుకి మళ్లీ మొదటివాడి గుమ్మంలోనే మరో 5 సెకన్లు. ఒక పేజీకి పది డొమైన్లుంటే లెక్క మీరే వేసుకోండి. స్పీడ్ టెస్టులో వంద ఎంబీపీఎస్ చూపిస్తూ నెట్ నత్తలా నడిచిందంటే ముందు చూడాల్సింది ఇక్కడ. ఆప్షన్స్ లైనులో టైమవుట్ 1, అటెంప్ట్స్ 2 అని పెడితే కాస్త ప్రాణం లేస్తుంది. ఆ లైను మాత్రం రేపటిదాకా ఉంటుందా?

డిగ్‌ని నమ్మి మోసపోవడం ఇంకో ఘట్టం. డిగ్ సూటిగా మిమ్మల్నే చదువుతుంది. పింగ్ లాంటి మామూలు ప్రోగ్రాములు ముందు, పేర్లు ఎక్కడెక్కడ వెతకాలో రాసి ఉన్న ఎన్ఎస్‌స్విచ్ డాట్ కాన్ఫ్ దగ్గర హాజరు వేయించుకుని వస్తాయి. అక్కడ హోస్ట్స్ లైనులో, ఇంటి నెట్‌వర్క్‌లోనే పేరు వెతికే ఎండీఎన్ఎస్4_మినిమల్, దాని పక్కన 'నాట్‌ఫౌండ్ ఈక్వల్స్ రిటర్న్' అని ఉంటే, డాట్ లోకల్‌తో ముగిసే ఆఫీసు పేర్లు చాలాసార్లు డీఎన్ఎస్ దాకా రానే రావు. డిగ్‌కి దొరుకుతుంది, పింగ్‌కి దొరకదు. మామూలు ప్రోగ్రాములకి ఏం దొరుకుతోందో తెలియాలంటే గెట్‌ఎంట్ హోస్ట్స్‌నే అడగాలి.

ఇక తమరూ లేదు, మీరూ లేదు. విను. నువ్వు తప్పు చేశావని కాదు నా కోపం. రాయొద్దంటే రాయనివ్వకు! రీడ్-ఓన్లీ అని మొహం మీద చెప్పు, తిట్టుకుని పోతాం. రాయనిస్తావు, రాసింది పని చేస్తున్నట్టు ఓ పూట నమ్మిస్తావు, వెనక్కి తిరిగి చూసేసరికి చెరిపించుకుని అమాయకంగా కూర్చుంటావు. మనిషి తన చేతినే అనుమానిస్తాడు. సేవ్ చేశానా లేదా, కంట్రోల్ ఓ నొక్కానా, పక్క టెర్మినల్‌లో చేశానా అని. నాలుగున్నర గంటల్లో నాలుగు గంటలు ఆ అనుమానానికే పోయాయి. కేబుల్ తీసి పెట్టారు, రౌటర్ రీసెట్ పిన్ను గుచ్చారు, వైఫై డ్రైవర్ని తిట్టారు, ఇదంతా నీ ఒక్క లైను కోసం!

నీ దగ్గరికి రాకపోవడమే నీకు మందు. నెట్‌వర్క్‌మేనేజర్‌తో మాట్లాడే కమాండు ఎన్ఎంసీఎల్ఐ. ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ షో హైఫన్‌హైఫన్ యాక్టివ్ అంటే కనెక్షన్ పేరు తెలుస్తుంది. ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ మాడిఫై, ఆ పేరు, ఐపీవీ4 డాట్ డీఎన్ఎస్, కోట్స్‌లో 1.1.1.1, స్పేస్, 8.8.8.8. అక్కడితో ఆగితే రౌటర్ ఇచ్చిన చచ్చిన సర్వర్ కూడా జాబితాలో తోకలా ఉండిపోతుంది. అందుకని అదే లైనులో ఐపీవీ4 డాట్ ఇగ్నోర్-ఆటో-డీఎన్ఎస్ యెస్. ఆ తర్వాత కనెక్షన్ అప్ చెయ్యకపోతే ఏదీ అమల్లోకి రాదు. ఇది నెట్‌వర్క్‌మేనేజర్ సొంత దస్తరంలో పడుతుంది కాబట్టి మూత వేసినా, రీబూట్ చేసినా ఉంటుంది. నిన్ను అప్పటికే పీకేసి ఉంటే, పైన చెప్పిన స్టబ్ ఫైలుకి ఎల్ఎన్ హైఫన్ ఎస్ఎఫ్‌తో మళ్లీ ముడి వెయ్యాలి.

రిజాల్వ్‌డ్ డాట్ కాన్ఫ్‌లో డీఎన్ఎస్ రాయమనే సలహా కూడా తిరుగుతూ ఉంటుంది. రాసినవాళ్లలో సగంమంది లైను ముందున్న హ్యాష్ గుర్తు తీయరు. తీసినవాళ్లకీ పూర్తిగా పని జరగదు. డొమైన్స్ దగ్గర టిల్డా, చుక్క పెడితే తప్ప, వైఫై లింకుకి అంటుకున్న సర్వర్లని కూడా అది అడుగుతూనే ఉంటుంది. ఉబుంటు సర్వర్ మెషీన్ల మీద నెట్‌వర్క్ సెట్టింగులు రాసే నెట్‌ప్లాన్ యామల్ ఫైలు ఉంటుంది, ఒక ట్యాబ్ పడిందా మొత్తం తిరగబడుతుంది. దూరంగా ఉన్న మెషీన్ అయితే అప్లై జోలికి పోకుండా నెట్‌ప్లాన్ ట్రై అనడం మంచిది, 120 సెకన్లలో ఎంటర్ నొక్కకపోతే పాత సెట్టింగుకి వెళ్లిపోతుంది. వీళ్లందరిలో ఆ మాత్రం మర్యాద తెలిసింది దానికొక్కదానికే.

నిన్ను పూర్తిగా వదిలించుకోలేమని కూడా తెలుసు. 1983లో పాల్ మొకపెట్రిస్, పేర్లని చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ పద్ధతిని కాగితం మీద పెట్టకముందు, నెట్‌వర్క్‌లోని యంత్రాలన్నిటి పేర్లూ హోస్ట్స్ డాట్ టీఎక్స్‌టీ అనే ఒక్క ఫైల్లో ఉండేవి. ప్రతివాళ్లూ దాన్ని ఎస్ఆర్ఐ అనే అమెరికా పరిశోధన సంస్థ నుంచి తెచ్చుకునేవాళ్లు. ఆ లెక్కన 'ఫలానావాణ్ణి అడగండి' అని ఒక్క మాట చెప్పి తప్పుకునే నువ్వు ఎంత పొదుపరివి! మెషీన్ బూట్ కాక, లైవ్ యూఎస్‌బీ పెట్టి, పాత డిస్కులోని సిస్టమ్‌లోకి సీహెచ్‌రూట్‌తో దిగి, ప్యాకేజీల జాబితా తెచ్చే ఆప్ట్ అప్‌డేట్ అంటే పేర్లు దొరకని అర్ధరాత్రి ఒకటుంటుంది. అప్పుడు లైవ్ సిస్టమ్‌లోని నిన్ను సీపీ హైఫన్ ఎల్‌తో అందులోకి కాపీ చేస్తే, లింకు కాకుండా అసలు ఫైలే వెళితే, ఒక్క లైనుతో ప్యాకేజీల మిర్రర్ సర్వర్ పలుకుతుంది. అక్కడ నెట్‌వర్క్‌మేనేజర్ లేడు, రిజాల్వ్‌డీ లేడు, పాకలు లేవు. రాసింది రాసినట్టే ఉంటుంది. నువ్వు పుట్టినప్పుడు ఇలాగే ఉండేవాడివనుకుంటా.

ఇట్లు,
పింగ్ వెళ్లినా పేరు దొరకని వినియోగదారుడు.

తా.క.: ఇదంతా రాశాక ఎందుకైనా మంచిదని రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్ మళ్లీ చూస్తే, 1.1.1.1, 8.8.8.8ల పక్కన ఎఫ్ఈ80తో మొదలయ్యే చిరునామా ఒకటి నవ్వుతూ కూర్చుని ఉంది. రౌటర్ ఐపీవీ6 దారిన దొడ్డి గుమ్మంలోంచి వచ్చింది. ఐపీవీ6 డాట్ ఇగ్నోర్-ఆటో-డీఎన్ఎస్ కూడా యెస్ చెయ్యాలి. ఉండు, చేసి మళ్లీ కనెక్షన్ అప్ కొట్టొస్తాను.