కుక్కలు తరిమిన కేసు, కాలువ అవతలి కేసు

నెల్లూరులో ఏ కేసు పేపర్లోకెక్కినా టీ కొట్టు దగ్గర తీర్పు ఒక్కటే: "సీబీఐకి ఇస్తే గానీ తేలదు." నిన్న పొద్దున మళ్లీ విన్నాను. వినీ వినీ విసుగెత్తి ఇది రాస్తున్నాను.

2022 ఏప్రిల్‌లో మన కోర్టులోనే దొంగలు పడ్డారు గుర్తుందా? అప్పటి మంత్రి ఒకరు నిందితుడిగా ఉన్న ఫోర్జరీ కేసు ఆధారాల సంచి పోయింది. పాత ఇనుము ఏరుకోవడానికి వచ్చిన ఇద్దరిని కుక్కలు తరిమితే కోర్టు తలుపు పగలగొట్టి దూరారని పోలీసులు చెప్పారు. ఊరంతా నవ్వింది, నేనూ నవ్వాను. నవంబరులో హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. ఏడాది గడిచాక సీబీఐ కూడా ఆ ఇద్దరి మీదే అభియోగపత్రం వేసింది. మొదటి మాటే నిజమై ఉండవచ్చు. కానీ ఖాకీ చొక్కా నోట వచ్చింది కాబట్టి మనం నమ్మలేదు.

రాజ్యాంగం ఏడో షెడ్యూలు పోలీసు శాఖను రాష్ట్రాలకు ఇచ్చింది. సీబీఐ నడిచేది 1946 నాటి ఢిల్లీ ప్రత్యేక పోలీసు సంస్థ చట్టం మీద. కోర్టు ఆదేశిస్తే తప్ప, రాష్ట్రం సమ్మతి లేకుండా ఇక్కడికి రాలేదు. 2018 నవంబరులో మన ప్రభుత్వం ఆ సమ్మతిని వెనక్కి తీసుకుంది. ప్రభుత్వం మారగానే 2019 జూన్‌లో తిరిగి ఇచ్చింది. ఢిల్లీతో ఎవరికి చెడిందో చూస్తే చాలు, సమాఖ్య స్ఫూర్తి ఎవరికి గుర్తొస్తుందో తెలిసిపోతుంది.

ఇక నా సంగతి. పోయిన ఏడాది మా పొలంలో మోటారు రాగి తీగ కోసుకుపోయారు. స్టేషన్‌కు వెళ్తే రైటర్ తల ఎత్తకుండానే, "కాలువ అవతల కదా, మా పరిధి కాదు" అన్నాడు. అవతలి స్టేషన్‌లో "ఇవతలే కదా" అన్నారు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనైనా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జూలై 1 నుంచి కొత్త నేర ప్రక్రియా చట్టం (బీఎన్‌ఎస్‌ఎస్), 173వ సెక్షన్, చెబుతోంది. చట్టం ఢిల్లీది, స్టేషన్ అమరావతిది, నేను మాత్రం వరండాలో నిలబడ్డాను. చివరికి ఒక కానిస్టేబుల్ జాలిపడి, "ఎమ్మెల్యే గారి మనుషులతో ఒక్క ఫోను చేయించండి సార్" అన్నాడు.

అతన్ని తిట్టబుద్ధి కాలేదు. అక్కడి ఎస్‌ఐ పోస్టింగు కూడా అలాంటి ఫోనుతోనే వచ్చి ఉంటుంది, అలాంటి ఫోనుతోనే పోతుంది. స్టేషన్ అధికారిని కనీసం రెండేళ్లు కదపకూడదని సుప్రీంకోర్టు 2006లోనే, పోలీసు సంస్కరణల మీద వచ్చిన ప్రకాశ్ సింగ్ కేసులో చెప్పింది. ఏ పార్టీ వచ్చినా ముందు కదిలేది ఎస్‌ఐలే.

ఫోను చేయించాను. పది నిమిషాల్లో కుర్చీ వేశారు, టీ తెప్పించారు, ఎఫ్‌ఐఆర్ రాశారు. కాలువ ఎటు ఉందో ఎవరూ అడగలేదు.