కుక్కల బండి తోలడమూ చదువే

ఈసారి మన సంఘం ఉగాది వేదిక మీద పిల్లల వేషాల్లో డాక్టర్లు, పైలట్ల వెనకాల ఒక పాప ఫర్ టోపీ పెట్టుకుని వచ్చింది. పందేలు గెలిచిన సూసన్ బుచర్‌లా అలాస్కాలో, మంచు మీద కుక్కలు లాగే బండి తోలతానంది. హాలంతా నవ్వింది. "అది సరదాకి తల్లీ, మరి ఉద్యోగమో?" అని మైకులో అడిగారు. ఆ పని ఏమిటో తెలిసుంటే ఎవరూ అలా అడగరు.

బుచర్ పశువైద్య సహాయకురాలిగా పనిచేసి అలాస్కా చేరారు. యాంకరేజ్ నుంచి నోమ్ దాకా సుమారు వెయ్యి మైళ్లు సాగే ఇడిటరాడ్ అనే కుక్కల బండ్ల పందెంలో 1978లో తొలిసారి దిగి 19వ స్థానంలో నిలిచారు. 1985లో దారిలో ఒక మూస్ (పెద్ద దుప్పి లాంటి జంతువు) ఆమె కుక్కల జట్టు మీద పడి రెండు కుక్కలను చంపింది, చాలావాటిని గాయపరిచింది. ఆమె పందెం వదిలేశారు. 1986లో గెలిచారు, తర్వాత 1987, 1988, 1990లలోనూ. తొలి గెలుపుకి ఎనిమిదేళ్లు పట్టింది. మెడిసిన్ చదివే పిల్లల కోసం మనం అంతకన్నా ఎక్కువే ఆగుతాం.

ఈ పందెంలో సగం పని బండి ఆగిన చోటే ఉంటుంది. ఆపగానే, మంచు నుంచి పాదాలను కాపాడడానికి కుక్కలకు తొడిగిన కాలిజోళ్లు విప్పాలి. బిగుతుగా ఉన్నవి అలాగే వదిలేస్తే రక్తం ఆడక పాదం వాస్తుంది. వదులుగా కడితే మంచు లోపలికి దూరి వేళ్ల మధ్య గడ్డకట్టి ఒరుసుకుంటుంది. 16 కుక్కలంటే ఒక్కో విడతకి 64 జోళ్లు. చలి మైనస్ 40కి దిగినా కట్టక తప్పదు. తర్వాత గడ్డి పరిచి, పొయ్యి మీద మంచు కరిగించాలి. ఉత్త నీళ్లు పెడితే కుక్క సరిగా తాగదు, అందుకే మాంసం, కొవ్వు కలిపి వేడిగా పోస్తారు. రోజుకి ఒక్కోదానికి దాదాపు 10,000 క్యాలరీలు కావాలి. నీళ్లు తగ్గితే తిండి మానేస్తుంది, తిండి మానేసినది లాగదు. ఆపైన వేళ్ల సందుల్లో లేపనం రాయాలి, కీళ్లు నొక్కి చూడాలి. మనిషి నిద్ర అన్నిటికన్నా చివర.

బుచర్ తన కుక్కలను కూనలుగా ఉన్నప్పటి నుంచీ తనే పెంచేవారు. ముందు నడిచే కుక్క "జీ" అంటే కుడికి, "హా" అంటే ఎడమకి తిరగాలి. పలుచటి మంచు మీదికి పొమ్మంటే మొండికేసే తెలివీ ఉండాలి. అది నమ్మకంతోనే వస్తుంది. సంక్రాంతి బండలాగుడుకి ఒంగోలు జతను సాకే రైతుది కూడా ఇదే ఓపిక.

పందెంలో కుక్కలు చనిపోయిన సంవత్సరాలున్నాయి. దీన్ని హింస అనేవారి మాట కొట్టిపారేయలేం. మజిలీల్లో పశువైద్యులు పరీక్షిస్తారు. ఒక 24 గంటల విశ్రాంతి, రెండు 8 గంటల విశ్రాంతులు తప్పనిసరి. అలిసిన కుక్కను మజిలీలో దింపేస్తారు. ఇవి సరిపోతాయా అన్నది పిల్లలతో కలిసి చర్చించాల్సిన ప్రశ్న, నవ్వి వదిలేసేది కాదు.

కార్యవర్గానికి నా విన్నపం ఒక్కటే. వచ్చే కెరీర్ గోష్ఠిలో ఐటీ, మెడిసిన్ బల్లల పక్కన జంతువుల పనులకూ ఒక బల్ల వేయండి. కుక్కల బండి తోలే మషర్లు దగ్గర్లో లేకపోతే ఊళ్లోని పశువైద్యులను పిలవండి. ఒక సాధువైన కుక్కనీ, నాలుగు కాలిజోళ్లనీ తెప్పించి పిల్లల చేత కట్టించండి. కార్యక్రమాల జాబితా ఖరారయ్యేలోపే ఈ మాట సమావేశంలో పెట్టండి, ఆ తర్వాత చోటు దొరకదు.