ఒక్కపూట అవగాహన సదస్సు గారికి

అయ్యా, నమస్కారం. మొన్న తమరి దర్శన భాగ్యం మరోసారి కలిగింది. ఫ్లెక్సీ మీద 'మేధో వైకల్యం - న్యాయం' అన్న అక్షరాలకన్నా ముఖ్య అతిథుల ఫొటోలే పెద్దగా ఉన్నాయి. పోలీసులు, ప్రాసిక్యూటర్లు, కోర్టు సిబ్బంది వచ్చి కూర్చున్నారు. పదింటికి అన్నది పదకొండున్నరకు మొదలైంది. ఏసీ గాలికి జ్యోతి మూడుసార్లు ఆరిపోతే, ఎవరూ విసుక్కోకుండా నాలుగోసారి వెలిగించారు. ఆ ఓపికలో సగం సాక్షి ముందు చూపిస్తే ఈ లేఖే రాసేదాన్ని కాదు.

నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌ని, అంటే మేధో వైకల్యం వల్ల నేర్చుకోవడం, అర్థం చేసుకోవడం కష్టమయ్యేవాళ్లకు చదువు చెప్పే టీచర్‌ని. నాకిచ్చిన నలభై నిమిషాల్లో ముప్పై శాలువాలకు పోయాయి. మిగతా పదీ బిర్యానీ తర్వాత.

మీ మొదటి స్లయిడ్‌లో 2016 వికలాంగుల హక్కుల చట్టం, సెక్షన్ 47 ఉంది. పోలీసులకు, జడ్జీలకు, లాయర్లకు జరిగే శిక్షణ కోర్సులన్నిటిలోనూ వైకల్య హక్కుల పాఠం ఉండాలంటుంది. దాన్ని తమరు 'ఏడాదికోసారి, డిసెంబరు 3, వికలాంగుల దినోత్సవం చుట్టుపక్కల' అని అర్థం చేసుకున్నట్టున్నారు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో 2021లో సుప్రీంకోర్టు ఇంకా వివరంగా చెప్పింది. వైకల్యం ఉందని సాక్ష్యాన్ని చులకన చేయొద్దంది. జడ్జీలకూ ప్రాసిక్యూటర్లకూ శిక్షణ ఇవ్వమంది. ప్రతి స్టేషన్‌లో స్పెషల్ ఎడ్యుకేటర్ల జాబితా ఉంచమంది. జాబితా సంగతేమో గానీ, స్టేషన్ నుంచి నాకు ఇప్పటికి ఒక్కసారే ఫోన్ వచ్చింది. అదీ సాక్షిగా వచ్చిన ఒక అబ్బాయి వాళ్ల అమ్మ పట్టుబడితే.

రెండో స్లయిడ్‌లో మానసిక వ్యాధినీ మేధో వైకల్యాన్నీ ఒకే గంపలో వేశారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పనిగట్టుకుని విడదీసినవాటిని తమరు ఆప్యాయంగా మళ్లీ కలిపారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, ఈ వైకల్యం కోసమే 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. అక్కడివాళ్లని ఒక్కరిని పిలిచినా ఆ స్లయిడ్ మారేది. పిలిస్తే ఇంకో శాలువా ఖర్చు మరి.

ఆ ఒక్క ఫోన్ సంగతి చెబుతాను. ఇరవై ఆరేళ్ల అబ్బాయి, ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడు. పక్కింట్లో జరిగిన కొట్లాట చూశాడు. అతన్ని స్టేషన్‌కి రప్పించకూడదు, ఇంటికెళ్లి అడగాలని పోలీసు విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 179లో ఉంది. మీరు పంచిన కాగితాల్లోనూ ఉంది, పదకొండో పేజీలో. అక్కడిదాకా వచ్చేలోపు టీ వచ్చేసింది.

ఎస్సై మంచివాడే, కుర్చీ కూడా వేయించాడు.

"వాడే కొట్టాడు కదా?"

"ఆఁ."

"చీకట్లో నీకు సరిగ్గా కనపళ్లేదు కదా?"

"ఆఁ."

"చూశారా మేడమ్, మాట మారుస్తున్నాడు" అన్నాడు నాతో.

మారుస్తున్నది అబ్బాయి కాదు, ఆ 'కదా'. ఇంట్లోనూ బళ్లోనూ ఎవరు ఏమడిగినా 'ఆఁ' అంటేనే కోప్పడకుండా వదిలేస్తారని చిన్నప్పుడే నేర్చుకున్నాడు. అడిగిందే మళ్లీ అడిగితే, మొదట చెప్పింది తప్పేమోనని ఇంకోటి చెబుతాడు. "ఆ రోజు ఏం చూశావు నాన్నా?" అన్నాను, అంతే. కానిస్టేబుల్ మాట అందివ్వబోతే చేత్తో ఆపాను. పన్నెండు దాకా లెక్కపెట్టుకున్నాను. పోలీస్ స్టేషన్‌లో పన్నెండు సెకన్లు ఎవరూ మాట్లాడకుండా ఉండటం ఎంత కష్టమో చూస్తేగానీ తెలీదు.

"నీలం చెప్పులు. ఒకటి తెగింది" అన్నాడు.

ఎన్ని గంటలకో చెప్పలేకపోయాడు. అప్పుడు అమ్మ ఏం చేస్తోందని అడిగితే, రెండో దోసె వేస్తోందన్నాడు. తెగిన నీలం చెప్పు మర్నాడు పక్కింటి మెట్ల కింద దొరికింది.

నా పది నిమిషాల్లో ఈ ముక్క ఒక్కటే చెప్పాను. వెనక వరుసలో ఒక హెడ్ కానిస్టేబుల్ పుస్తకంలో రాసుకున్నాడు. మిగతావాళ్లు గ్రూప్ ఫొటోకి లేచారు. తర్వాత తమరి అభిప్రాయ పత్రం చేతికొచ్చింది. 'సదస్సు ఉపయోగపడింది కదా?' అని అందులో మొదటి ప్రశ్న.

నిన్న నిర్వాహకులు ఫోన్ చేశారు. "మేడమ్, వచ్చే డిసెంబరుకి కూడా వస్తున్నారు కదా?"

"ఆఁ" అన్నాను.

ఇట్లు,
మీ పది నిమిషాల వక్త